ఎనిమిదో నంబరు చాలు తమ్ముడూ

మా గ్యారేజీలో వాషింగ్ మెషిన్ పైన గోడకి ఒక బ్రౌన్ పేపర్ అంటించి ఉంటుంది. ఇల్లు మారేటప్పుడు సామాన్లు చుట్టడానికి వాడే మామూలు కాగితమే. దాని మీద మార్కర్‌తో గీసిన పెద్ద సున్నా, ఆ సున్నా లోపల 251 చిల్లులు. ఒక్కో చిల్లు పక్కన పెన్సిల్ చుక్క పెట్టుకున్నాను, ఎందుకంటే రెండుసార్లు లెక్క తప్పి మూడోసారి మొదటినుంచి మొదలుపెట్టాల్సొచ్చింది. ఇండియా నుంచి వచ్చిన మా పెదనాన్న దాన్ని చాలాసేపు చూసి, "చెదలు పట్టిందా నాయనా?" అని అడిగాడు. మా ఆవిడ లోపల్నించే జవాబు చెప్పింది: "కాదు పెదనాన్నా, అది ఈయన డిగ్రీ సర్టిఫికెట్."

పోయిన వారం ఇక్కడే కేటీలో ఉండే ఒక తమ్ముడు (చుట్టం కాదు, హ్యూస్టన్‌లో మనకంటే చిన్నవాళ్ళందరూ తమ్ముళ్ళే) వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. స్పోర్టింగ్ గూడ్స్ షాపులో షాట్‌గన్ షెల్స్ (మన భాషలో తోటాలు) ఉండే వరస. ఈ చివర నుంచి ఆ చివర దాకా పెట్టెలు, ప్రతి పెట్టె మీదా ఎగురుతున్న బాతో, నెమలిలాంటి కోడో, ముక్కలైన మట్టి పళ్ళెమో (గురి చూసి కొట్టడానికి గాలిలోకి విసిరేది). కింద మెసేజ్: "అన్నా, సెప్టెంబర్ ఒకటికి గువ్వల వేటకి నేనూ వస్తున్నా. వీటిలో అన్నిటికంటే పవర్‌ఫుల్ ఏది?"

పదేళ్ళ కింద నేను కూడా షాపులో సరిగ్గా ఇదే అడిగాను. కౌంటర్ వెనక పెద్దాయన అడిగినదానికే జవాబు చెప్పాడు పాపం. అందుకే ఈ పోస్టు.

ముందు ఒక సంగతి. వాడు హెచ్-1బి మీద ఉన్నాడు. మనవాళ్ళలో చాలామందికి ఇది తెలియదు: హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు ఈ దేశంలో తుపాకి కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. తుపాకే కాదు, తూటాలు కూడా. గడువు దాటని హంటింగ్ లైసెన్సు చేతిలో ఉంటే మినహాయింపు ఉంది. అందుకని నేను షెల్స్ గురించి మాట్లాడకముందే "లైసెన్సు తీశావా, పాతది ఆగస్టు 31తో అయిపోతుంది చూసుకో" అని అడిగాను. తీశాడట. హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు కూడా పూర్తి చేశాడట. టెక్సాస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళందరికీ అది తప్పనిసరి. సరే, అయితే మాట్లాడుకోవచ్చు.

మాది గిద్దలూరు వైపు, నల్లమల అంచున ఊరు. మా తాత దగ్గర లైసెన్సున్న పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ ఉండేది. అక్కడ బోరు అనేది ఇక్కడ గేజ్, రెండూ ఒకటే. శనక్కాయ చేలోకి అడవి పందులు దిగే రోజుల్లో రాత్రిపూట మంచె మీద కూర్చుని ఆకాశంలోకి ఒకటి పేల్చేవాడు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక వేట అనేది మా ఇంట్లో కథల్లోనే మిగిలింది. నాకు బుద్ధి తెలిశాక ఆయన ఆ తుపాకితో చంపింది ఏదీ లేదు. తోటాలని బియ్యం డబ్బాలో దాచేవాడు. అవి అట్ట తోటాలు, చెమ్మ తగిలితే ఉబ్బి గొట్టంలోకి దూరవు. ఎన్నికలొస్తే తుపాకిని గోనెసంచిలో చుట్టుకుని బస్సెక్కి, స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకునేవాడు. ఆ రసీదు కూడా బియ్యం డబ్బాలోకే.

తోటాల గురించి ఆయన దగ్గర విన్న మాటలు మూడే: ఎల్జీ, బీబీ, నాలుగో నంబరు. అన్నీ లోపలి గుండ్ల సైజులే. ఎల్జీ పందికి, నాలుగో నంబరు కుందేలుకి. అక్కడికి ఆయన సిలబస్ అయిపోయింది. నాది ఇంకా అవలేదు.

పెట్టె మీద ఏం రాసుంటుందో ముందు చూద్దాం. గేజ్ అంటే పాతకాలపు లెక్క. ఒక పౌను సీసాన్ని సమానంగా పన్నెండు గుండ్లు పోస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో, పన్నెండు గేజ్ గొట్టం అంత లావు. ఇరవై గుండ్లు పోస్తే గుండు చిన్నదవుతుంది కదా, అందుకే ఇరవై గేజ్ సన్నం. నాలుగొందల పది అనేది ఒక్కటే ఈ లెక్కలోకి రాదు, అది అంగుళంలో వెయ్యో వంతుల కొలత. తర్వాత పొడవు: రెండుమ్ముప్పావు అంగుళాలు, మూడు, మూడున్నర. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ పొడవు షెల్ పేలి, మూతి విచ్చుకున్నాక కొలిచేది. అంటే మూడంగుళాల షెల్ పేలకముందు పొట్టిగా ఉంటుంది, రెండుమ్ముప్పావు గొట్టంలో కూడా చక్కగా దూరుతుంది. పేలాక మూతి విచ్చుకోవడానికి చోటుండదు, లోపల ఒత్తిడి పెరిగిపోతుంది. "పట్టింది కదా, సరిపోయినట్టే" అనే మన ఇంజనీరింగ్ ఇక్కడ పనికిరాదు. గొట్టం మీద ఏ పొడవు చెక్కి ఉందో చదివి అదే కొనాలి.

ఆ తర్వాత షెల్ లోపల ఉండే సీసం పెల్లెట్ల (చిన్న గుండ్ల) బరువు, ఔన్సుల్లో. ఒక ఔన్సు అంటే 28 గ్రాములు. పక్కనే కొన్ని పెట్టెల మీద "2¾ డ్రామ్" అని ఉంటుంది. డ్రామ్ మందు కొలతే గానీ మీరనుకునే మందు కాదు. పాతకాలం నల్ల తుపాకిమందు అయితే ఎంత పోస్తే ఈ వేగం వచ్చేదో దానికి సమానం అని చెప్పడం. ఆ మందు వాడటం మానేసి వందేళ్ళు దాటింది, పెట్టె మీద మాత్రం ఆ మాట పోలేదు. ఇప్పుడు చాలా పెట్టెల మీద నేరుగా వేగమే వేస్తున్నారు, సెకనుకి 1,145 అడుగులు, 1,200, 1,350 అని. షెల్ అడుగున ఇత్తడి ఎత్తుగా ఉంటే బలం ఎక్కువ అని ఇప్పటికీ చెప్పేవాళ్ళున్నారు. ఒకప్పుడు నిజమేమో గానీ ఇప్పుడు ఆ ఇత్తడి ఎత్తు చూసి ఏదీ తేల్చుకోలేం.

చివరది నంబరు. ఇదే అసలు సంగతి. నంబరు పెరిగేకొద్దీ పెల్లెట్ చిన్నదవుతుంది. పదిహేడులోంచి నంబరు తీసేస్తే పెల్లెట్ వ్యాసం అంగుళంలో ఎన్ని వందో వంతులో వస్తుంది. ఎనిమిదో నంబరైతే తొమ్మిది, నాలుగో నంబరైతే పదమూడు. ఈ లెక్క మా ఆవిడకి చెప్తే పోపుల డబ్బా తెచ్చి ముందు పెట్టింది. నిజంగానే తొమ్మిదో నంబరు ఆవగింజంత, రెండో నంబరు చిన్న మిరియమంత. మనం ఇక్కడ మాట్లాడుకునే నంబర్లన్నీ ఈ రెంటి మధ్యలోనే. ఒక ఔన్సులో తొమ్మిదో నంబరువి 585 పడతాయి, ఎనిమిదివి 410, ఏడున్నరవి 350, ఆరువి 225, నాలుగువి 135. ఆవాలు కావాలంటే ఎక్కువొస్తాయి, ఒక్కోదానికి బరువుండదు. మిరియాలు బరువుంటాయి, గుప్పెట్లో పట్టేవి తక్కువ. షెల్ ఎంచుకోవడమంటే ఆవాలా మిరియాలా అని తేల్చుకోవడమే.

ఇక నా మాగ్నమ్ (మామూలు కంటే ఎక్కువ నింపిన షెల్) కథ.

ఆ షాపులో పెద్దాయన నాకిచ్చింది మూడంగుళాల మాగ్నమ్, ఒక ఔన్సు ముప్పాతిక పైన ఇంకో అర్ధపావు, అంటే 53 గ్రాముల నాలుగో నంబరు సీసం. టర్కీ కోళ్ళ కోసం చేసింది. పెట్టెలో పది. నేను దాన్ని పట్టుకెళ్ళింది జార్జ్ బుష్ పార్కులో ఉన్న రేంజ్‌కి, మట్టి పళ్ళేలు కొట్టడానికి. మొదటిది కాల్చగానే పళ్ళెం అలా తాపీగా వెళ్ళి గడ్డిలో పడింది. నా టోపీ మాత్రం ఊడింది. రెండోది కాల్చాక పక్కన నిలబడి కాలుస్తున్న ఒకావిడ, డెబ్బై దాటి ఉంటుంది, నా దగ్గరికి వచ్చి పెట్టె తిప్పి చూసి, మాట్లాడకుండా తన సంచిలోంచి ఒక పెట్టె తీసి నా చేతిలో పెట్టింది. ఒక ఔన్సు, ఎనిమిదో నంబరు. ఆ రోజు మిగతా ఇరవై మూడింటిలో పదకొండు పగిలాయి. భుజం మీద నేరేడుపండు రంగు మచ్చ మాత్రం వారం ఉంది.

మచ్చ పోయింది గానీ అలవాటు పోలేదు. ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కళ్ళు మూసుకుని భుజం ముందుకి తోయడం, దాన్ని ఇక్కడ ఫ్లించ్ అంటారు. రెండంటే రెండే షెల్స్ తగిలించిన ఆ జబ్బు వదలడానికి నాకు ఏడాది పట్టింది. అందుకే కొత్తవాళ్ళని మొదటిరోజు బరువైన షెల్ ముట్టనివ్వను, కోపం తెచ్చుకున్నా సరే.

తర్వాత ఎప్పుడో కూర్చుని లెక్కేశాను. ఆ మాగ్నమ్‌లో ఉన్న నాలుగో నంబరు పెల్లెట్లు మొత్తం 253. ఆవిడ ఇచ్చిన ఒక్క ఔన్సులో 410. దాదాపు రెట్టింపు సీసం, భుజానికి రెట్టింపు దెబ్బ, మూడు రెట్ల ధర పెట్టి నేను కొన్నది తక్కువ పెల్లెట్లు! పళ్ళెం వ్యాసం 108 మిల్లీమీటర్లు. మనకి ఎదురుగా కనిపించేది చాలాసార్లు దాని అంచే, ఒక అంగుళం మందం. దాన్ని పగలగొట్టడానికి బలం అక్కర్లేదు, సందు లేకుండా పెల్లెట్లు కావాలి.

ఒలింపిక్స్‌లో వాళ్ళు వాడేది ఎంతనుకున్నారు? 24 గ్రాములు. ట్రాప్ అనే పళ్ళేల పోటీలో పళ్ళెం 76 మీటర్ల దూరం పడేంత వేగంతో పోతుంది, అయినా 24 గ్రాములే, అంతకంటే ఎక్కువ నింపడానికి రూలు ఒప్పుకోదు. మన హైదరాబాద్ కైనన్ చెనాయ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ట్రాప్ కాంస్యం, టీమ్ బంగారం తెచ్చింది ఆ 24 గ్రాములతోనే. గచ్చిబౌలిలో హెచ్‌సీయూ రేంజ్‌కి వెళ్ళే మా మేనల్లుడు నన్ను ఫోన్‌లో ఏడిపిస్తుంటాడు, "మామా, నువ్వు ఒక ఔన్సు పెట్టి కొడితే గొప్పేముంది" అని. వాడికి అక్కడ ఒక్కో తోటా లెక్కపెట్టుకుని కాల్చాల్సిన పరిస్థితి. నేను శనివారం పొద్దున నాలుగు పెట్టెలు ఖాళీ చేస్తానంటే నమ్మడు.

వాడి మాట విని నేనూ 24 గ్రాముల పెట్టెలు తెచ్చాను. భుజానికి హాయిగా ఉంది. కానీ నా ఆటో తుపాకి వాటిని ఒప్పుకోలేదు. ఆటోలో పేలుడు బలంతోనే ఖాళీ షెల్ బయటికి రావాలి, ఇంకోటి లోపలికి పోవాలి. బలం చాలక ఖాళీది సగం బయటికొచ్చి ఇరుక్కునేది, కిటికీలో చెయ్యి ఇరుక్కున్న దొంగలాగా. అదే షెల్ పాత పంప్ గన్‌లో (చేత్తో లాగి షెల్ మార్చేది), రెండు గొట్టాల తుపాకిలో ఏ ఇబ్బందీ లేకుండా పనిచేసింది. కాబట్టి తేలిక షెల్ కొనేముందు కేసు మొత్తం, అంటే పది పెట్టెలు, తెచ్చేసుకోవద్దు. ఒకటి తెచ్చి మీ తుపాకికి రుచి చూపించండి.

గోడ మీది కాగితం సంగతి. షాట్‌గన్ గొట్టం మూతి దగ్గర చోక్ అని ఒక బిగింపు ఉంటుంది. తోటకి నీళ్ళు పట్టేటప్పుడు పైపు మూతి బొటనవేలితో నొక్కితే ధార దూరం పోతుంది చూడండి, అలాంటిది. ఏ బిగింపూ లేనిది సిలిండర్, తర్వాత ఇంప్రూవ్డ్ సిలిండర్, మాడిఫైడ్, ఫుల్. నలభై గజాల దూరంలో ముప్పై అంగుళాల వలయం గీస్తే, షెల్‌లో ఉన్న పెల్లెట్లలో నూటికి నలభై, యాభై, అరవై, డెబ్బై అందులో పడాలని వరసగా వీటికి లెక్క. ఇది పుస్తకంలో మాట. మీ తుపాకి ఆ పుస్తకం చదవలేదు.

రెండేళ్ళ కింద ఒక మంగళవారం సెలవు పెట్టి, రోల్ కాగితం, టేపు, మార్కర్ పట్టుకుని రేంజ్‌కి పోయాను. ముప్పై గజాల్లో, ఇంప్రూవ్డ్ సిలిండర్‌తో. గట్టి సీసంతో చేసిన ఏడున్నర నంబరు, ఒక ఔన్సు, 350 పెల్లెట్లు. వలయంలో పడ్డవి 251. నూటికి డెబ్బై రెండు. బాగుంది. తర్వాత సేల్‌లో దొరికిందని నేను కేసు కొనిపెట్టుకున్న చవక షెల్, అదే ఏడున్నర, ఔన్సు పైన ఇంకో అర్ధపావు, పెట్టె మీద నిప్పులు కక్కుతున్నట్టు బొమ్మ, చాలా వేగం. అందులో ఉన్నవి 394. వలయంలో పడ్డవి 228. ఎక్కువ పోస్తే తక్కువ పడ్డాయి! సీసం మెత్తనైతే పేలుడుకి ఒకదాన్నొకటి నొక్కుకుని సొట్టలు పడతాయి, సొట్ట పడ్డ పెల్లెట్ తిన్నగా పోదు. ఎంత గట్టిగా తంతే అంత సొట్ట. గట్టి సీసమంటే అందులో యాంటిమొనీ అనే లోహం కలుపుతారు, దానికే ఆ నాలుగు డబ్బులు ఎక్కువ. పైగా గుండ్రటి పెల్లెట్ గాలిలో వేగం తొందరగా కోల్పోతుంది, కాబట్టి మూతి దగ్గర ఉన్న ఆ అదనపు వేగంలో పిట్ట దగ్గరికి చేరేసరికి మిగిలేది కొంచెమే. వేగానికి డబ్బు పెట్టేకంటే గట్టి సీసానికి పెట్టడం మేలు. నా కాగితం చెప్పింది ఇదే. మీ కాగితం ఇంకోటి చెప్పొచ్చు, అందుకే కాల్చి చూసుకోమనేది.

మాగ్నమ్‌తో కూడా ఒక కాగితం కాలుద్దామనుకుని పెట్టె తీశాను. భుజం ఒప్పుకోలేదు, మళ్ళీ లోపల పెట్టేశాను.

సెప్టెంబర్ ఒకటి టెక్సాస్‌లో సంక్రాంతి లాంటిది. మధ్య, ఉత్తర జోన్లలో గువ్వల సీజన్ ఆ రోజు మొదలవుతుంది. మేము నలుగురం బ్రౌన్‌వుడ్ వైపు ఒక రైతు పొద్దుతిరుగుడు చేనుకి వెళ్తాం, ఇంటి నుంచి దాదాపు అయిదు గంటలు. రోజుకి మనిషికి పదిహేను. గువ్వ చిన్న పిట్ట, వంకర్లు తిరుగుతూ పోతుంది, పెద్ద దెబ్బ అక్కర్లేదు. ఒక ఔన్సు, ఏడున్నర గానీ ఎనిమిది గానీ, ఇంప్రూవ్డ్ సిలిండర్. మొదటిరోజు గువ్వలు ముప్పై గజాల లోపే వస్తాయి. వారం పోయాక తెలివి మీరి ఎత్తున పోతుంటాయి, అప్పుడు మాడిఫైడ్ పెడతాను, షెల్ మాత్రం మార్చను. వలస పిట్టలకి తుపాకిలో మూడు షెల్స్ మించి పట్టకూడదు, లోపల పుల్ల పెట్టి అడ్డుకోవాలి. ఈ పుల్లని ఆటో శుభ్రం చేసినప్పుడు తీసి మర్చిపోయేవాళ్ళే ఎక్కువ. ప్రైవేటు పొలంలో గువ్వలకి సీసం వాడొచ్చు. కొన్ని పబ్లిక్ ల్యాండ్స్‌లో కుదరదు, వెళ్ళేముందు ఆ చోటి రూల్సు చదవాలి. కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్ళకి అసలు చర్చే లేదు, అక్కడ 2019 జులై నుంచి ఏ వేటకీ సీసం పనికిరాదు.

ఆ చేను పక్క కరెంటు తీగ మీద ప్రతి ఏడూ ఒక రకం గువ్వ కూర్చుంటుంది. బూడిద రంగు, మెడ వెనక నల్లటి అరవంక. మా ఊళ్ళో బావి గట్టు మీద చింతచెట్టులో మధ్యాహ్నమంతా కూసేది ఇదే. ఎవరో పంజరంలో పెంచుకున్నవి బహామాస్‌లో తప్పించుకుని, అక్కడినుంచి ఫ్లోరిడా చేరి, దాదాపు ఈ దేశమంతా పాకాయట. ఇక్కడి పిట్ట కాదు కాబట్టి టెక్సాస్‌లో దానికి సీజనూ లేదు, లెక్కా లేదు, లైసెన్సు ఉంటే ఎన్నైనా కొట్టొచ్చు. మా వాళ్ళు కొడతారు. నేను ఇంతవరకు కొట్టలేదు. అదీ నేనూ ఒకే ఫ్లైట్‌లో వచ్చినట్టు అనిపిస్తుంది.

బాతుల దగ్గరకొస్తే ఇదంతా తలకిందులు. నవంబర్ నుంచి జనవరి దాకా ఎల్ కాంపో, ఈగిల్ లేక్ వైపు వరి మళ్ళలో నీళ్ళు నిలబెడతారు. కోసిన దుబ్బుల మధ్య చీకట్లో మోకాళ్ళదాకా బురదలో నడుస్తుంటే ఆ వాసన అచ్చం కంభం చెరువు కింద పొలాలదే. నీటి పక్షులకి దేశమంతటా 1991 నుంచి సీసం నిషేధం. ఎందుకో కోడి కందనకాయ శుభ్రం చేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. అందులో ఇసుక, చిన్న రాళ్ళు ఉంటాయి కదా, గింజలు నూరుకోవడానికి. బాతు కూడా అలాగే బురదలోంచి రాళ్ళు ఏరుకుని మింగుతుంది. వందేళ్ళుగా జనం కాల్చిన సీసం పెల్లెట్లు అదే బురదలో ఉంటాయి. కందనకాయ సీసాన్ని నూరుతుంది, ఆ విషం ఒంట్లోకి ఎక్కుతుంది, నీరసపడ్డ బాతుని గద్ద తింటే దానికీ ఎక్కుతుంది.

అందుకని ఉక్కు. ఉక్కు సీసం కంటే తేలిక, నీటితో పోలిస్తే సీసం పదకొండు రెట్లు బరువైతే ఉక్కు ఎనిమిది కూడా లేదు. కాబట్టి సీసంలో నాలుగు వాడేచోట ఉక్కులో రెండు వాడాలి, అంటే పెల్లెట్ రెండు సైజులు పెద్దది. ఇక్కడ వేగం కూడా ముఖ్యమే, మూడంగుళాల షెల్ కూడా అర్థవంతమే. పెల్లెట్ పెద్దదైనప్పుడు సరిపడా పెల్లెట్లు పట్టాలంటే చోటు కావాలి. ఉక్కు రెండో నంబరు ఔన్సుకి 125. మొదటి ఏడాది నేను పిసినారితనానికి పోయి ఉక్కు ఆరో నంబరు తీసుకెళ్ళాను. రెండు బాతులు దెబ్బ తగిలి కూడా ఎగిరిపోయాయి, ఎక్కడ పడ్డాయో దొరకలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ రాస్తున్నాను. ఆ తర్వాత రెండో నంబరు, ముప్పై అయిదు గజాలు దాటితే తుపాకి ఎత్తను. ఉక్కు సొట్ట పడదు కాబట్టి చోక్ కూడా వదులుగానే ఉండాలి. ఫుల్ చోక్‌లో, పాత మెత్తని గొట్టాల్లో ఉక్కు కాల్చకూడదు. తాత తుపాకిలాంటివాటికి బిస్మత్ అని ఒకటుంది, సీసానికి కొంచెం తక్కువ బరువు, గొట్టానికి ఇబ్బంది లేదు. ఒక్కోటి రెండు డాలర్ల పైమాటే. టంగ్‌స్టన్ అయితే సీసం కంటే బరువు, ధర అడక్కండి.

మూడేళ్ళ కింద డిసెంబర్‌లో, ఇంకా తెల్లారలేదు, ట్రక్కు దగ్గర జాకెట్ జేబులో చెయ్యి పెడితే రెండు ఎర్ర షెల్స్ తగిలాయి. టార్చ్ వేసి చూస్తే ఏడున్నర, సీసం, సెప్టెంబర్‌వి. గువ్వలకి వేసుకున్న జాకెట్టే బాతులకీ వేసుకొచ్చాను. బాతుల వేటలో సీసం షెల్ కాల్చనక్కర్లేదు, దగ్గర ఉన్నా నేరమే. ట్రక్కులో పడేసి వెళ్ళాను. ఎనిమిదిన్నరకి గేమ్ వార్డెన్ (వేట రూల్సు చూసే అధికారి) వచ్చాడు. లైసెన్సు, డక్ స్టాంప్ (బాతుల వేటకి కావాల్సిన స్టాంపు), తుపాకిలో పుల్ల, ఆఖరికి జేబులు, అన్నీ చూశాడు. నా జేబులో వేరుశనగ చిక్కీ పొట్లం ఒక్కటే ఉంది. దాన్ని కూడా టార్చ్ వేసి చూశాడు. ఇప్పుడు గువ్వల జాకెట్ వేరు, బాతుల జాకెట్ వేరు.

ఉక్కుకి ఇంకో ఖర్చు ఉంది, పన్ను. బాతు వేపుడు తింటూ పెల్లెట్ కొరికాను, కుడి దవడకి క్రౌన్ పడింది. సీసమైతే పంటికింద నొక్కుకుంటుంది, ఉక్కు నొక్కుకోదు. ఉక్కుకి అయస్కాంతం పట్టేస్తుంది కదా అని నేను ఫ్రిజ్ మీద శ్రీశైలం మాగ్నెట్ తీసి మాంసం మీద తిప్పబోయాను. ఆ రోజు నేను విన్న తిట్లు ఇక్కడ రాయను. తర్వాత హార్డ్‌వేర్ షాపులో వేరే అయస్కాంతం కొన్నాం.

మా అమ్మాయి పోయినేడు నుంచి ఇరవై గేజ్‌తో పళ్ళేలు కొడుతోంది. ఇరవై గేజ్ షెల్స్ పసుపు రంగులో చేస్తారు, అందం కోసం కాదు. ఇరవైది పొరపాటున పన్నెండు తుపాకిలో పడితే లోపలికి జారి గొట్టం మధ్యలో ఆగిపోతుంది. పేలలేదేంటా అని వెనకనుంచి పన్నెండుది వేసి నొక్కితే గొట్టం చేతిలోనే పగులుతుంది. ఒకరోజు తన సంచి నేను మోసి, ఇంటికొచ్చాక నా వెస్ట్ జేబులో ఒక పసుపు షెల్ చూశాను. అది అంతసేపూ నా ఎర్ర షెల్స్ మధ్యే ఉంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పుడు తన సంచి తనే మోసుకుంటుంది, రెండు గేజ్‌లు ఉన్న రోజు ఒకటి కారులో ఉంటేనే రెండోది బయటికొస్తుంది.

ఇదంతా తమ్ముడికి ఫోన్‌లో గంట చెప్పాను. శనివారం పొద్దున ఏడింటికి రేంజ్‌కి రమ్మన్నాను, నా పంప్ గన్ ఇస్తాను, ఒక ఔన్సు ఎనిమిదో నంబరు రెండు పెట్టెలు తెచ్చుకో, కాగితం నేను తెస్తాను అని. "సరే అన్నా" అని కాసేపు ఊరుకుని, మెల్లగా అడిగాడు: "అంటే అన్నా... ఆల్రెడీ మూడంగుళాల మాగ్నమ్ ఒక పెట్టె కొనేశా. రిటర్న్ తీసుకుంటారా?"

తీసుకోరు. నా దగ్గర ఇంకా ఎనిమిది ఉన్నాయి.